వైరింగ్ తెలిసిపోయాక జన్యువుల మ్యాప్ ఎందుకు?

సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగులో (ఉభయలింగ రకంలో) 302 న్యూరాన్ల (నాడీకణాల) వైరింగ్, అంటే ఏది దేనితో కలిసిందో, 1986లోనే తెలిసింది కదా, మళ్లీ ఏ న్యూరాన్‌లో ఏ జన్యువులు పనిచేస్తాయో చూపే మ్యాప్ ఎందుకని అడిగారు. మా అనంతపురం పాతూరులో ఏ స్తంభం నుంచి ఏ ఇంటికి కరెంటు తీగ వెళ్లిందో చూసి, లోపల పిండిమర తిరుగుతోందో టీవీ మోగుతోందో చెప్పగలరా? ఇదీ అంతే. అన్ని న్యూరాన్లలో డీఎన్ఏ ఒకటే, పనిచేసే జన్యువులే వేరు. అది తెలియాలంటే పురుగులను కణాలుగా విడదీసి, మెరిసే ప్రోటీన్ పెట్టిన న్యూరాన్లను ఏరి, ఒక్కో కణంలోని ఆర్ఎన్ఏ (పనిచేసే జన్యువుల నకలు) చదవాలి, రాసినంత తేలికేం కాదు, కొన్ని రకాలు పురుగుకి ఒక్కటే ఉంటాయి మరి. 2021లో ఈ మ్యాప్ కోసమే పనిచేసిన సెన్‌జెన్ (CeNGEN) అనే పరిశోధన బృందం ఆ 302 న్యూరాన్లలోని మొత్తం 118 రకాలకూ ఆ పట్టిక ఇచ్చింది. నాకు బాగా నచ్చింది హోమియోబాక్స్ జన్యువుల (వేరే జన్యువులను ఆన్, ఆఫ్ చేసే ఒక రకం జన్యువుల) సంగతి: వాటిలో ఏవేవి ఆన్‌లో ఉన్నాయో ఆ కాంబినేషన్ చూస్తే చాలు, అది ఏ రకం న్యూరానో చెప్పేయొచ్చు.