ఆ 1024 అరల లెక్క ఎవరిది?

ప్రశ్న: కంప్యూటర్లు లేని రోజుల్లో, గుట్టలకొద్దీ కాగితాల్లోంచి ఒక పాత నేరస్తుడి వేలిముద్రలను ఎలా వెతికి పట్టుకునేవారు? దాన్ని హెన్రీ పద్ధతి అంటారట. కనిపెట్టింది ఆయనేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, నేను ఇరవై తొమ్మిదేళ్లు వేలిముద్రల విభాగంలో భూతద్దంతో కూర్చున్నవాణ్ని. మీ రెండో ప్రశ్నకే ముందు జవాబిస్తాను. ఎడ్వర్డ్ హెన్రీ బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్. పద్ధతికి పేరు ఆయనది. లెక్క మాత్రం ఆయన కింద సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన కాజీ అజీజుల్ హక్‌ది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చదివినవాడు.

ఆ లెక్క మీరూ కట్టవచ్చు. చిన్నప్పుడు వేళ్ల మీద శంఖాలూ చక్రాలూ లెక్కపెట్టుకుంటాం చూడండి, ఆ చక్రాన్నే మేం వోర్ల్ అంటాం. కుడి బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా, తర్వాత ఎడమ బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా వరసగా పది వేళ్లనూ ఐదు జతలు చెయ్యండి. మొదటి జతలో ఏ వేలికి చక్రం ఉంటే ఆ వేలికి 16. తర్వాతి జతల్లో 8, 4, 2, 1. చక్రం లేని వేలికి సున్నా. ప్రతి జతలో రెండో వేలి అంకెలన్నీ కూడి 1 కలిపితే లవం. మొదటి వేళ్లవి కూడి 1 కలిపితే హారం. ఒక్క చక్రమూ లేకపోతే 1/1, పదికి పదీ ఉంటే 32/32. 32ను 32తో హెచ్చిస్తే 1024. అన్ని అరలు కట్టుకుంటే, లక్ష కాగితాలున్నా చెయ్యి పెట్టాల్సింది ఒక్క అరలోనే. చక్రాలు లేనివాళ్లు ఎక్కువ కాబట్టి 1/1 అర ఎప్పుడూ కిక్కిరిసి ఉండేది. ఆ కాగితం చేతికొస్తే నాకు ఆ రోజు ఇల్లు చేరేసరికి చీకటి పడేది.

హక్‌తోపాటు పనిచేసిన హేమచంద్ర బోస్, వేలిముద్రను తంతి ద్వారా పంపడానికి సంకేతాలు కూర్చాడు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. 1901లో లండన్ స్కాట్లాండ్ యార్డ్ ఈ పద్ధతినే తీసుకుంది.

తన సిబ్బందిలో ఈ వర్గీకరణకు అందరికంటే ఎక్కువ తోడ్పడింది హక్ అని 1926లో హెన్రీయే రాశారు. అప్పటికే ‘హెన్రీ పద్ధతి’ అన్న పేరు దేశదేశాల్లో పాతుకుపోయింది. హక్ 1935లో బీహార్‌లోని మోతిహారిలో కన్నుమూశారు. కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద నేను మొదట రాసింది ఎప్పుడూ ఆయన పేరే.