4.1 వెన్నకు రేటు పడలేదు

చిత్తూరు

పండూ,

నిన్న నువ్వు తిరుపతి నుంచి ఫోన్ చేసి "చిన్నాయనా, లెక్క కరెక్టుగానే ఉంది, ఇఫ్ లోపలికి మాత్రం పోవడంలేదు" అన్నావే, ఆ సి కోడ్ చూసినా. రెండు ఫ్లోట్ల (దశాంశ సంఖ్యల) మధ్య == పెట్టినావు, అంటే రెండూ అచ్చం సమానమేనా అని అడిగినావు. నేనూ పెట్టి తిట్లు తిన్నోణ్ణే.

పాల సెంటరుకు బిల్లుల ప్రోగ్రాం రాసిన కొత్తలో, పొద్దున్నే క్యాన్లతో లైను నిలబడుంది. వెన్న శాతం 4.0 వచ్చినోళ్లకు రేటు పడింది, 4.5కీ పడింది. 4.1 వచ్చిన ఒక ముసలామె చీటీలో సున్నా! "నా ఆవు నీళ్లిచ్చిందా నాయనా?" అనింది.

4, 4.5 బైనరీలో, అంటే కంప్యూటర్ రాసుకునే 0, 1 లెక్కలో, సరిగ్గా ఒదుగుతాయి. 4.1 ఒదగదు, మూడో వంతును 0.333 అని రాస్తా పోతే తెగనట్టే. వెన్న శాతం నేను దాచింది ఫ్లోట్‌లో, అక్కడ అది 4.0999999046 దగ్గర ఆగిపోతాది. పోల్చేదానికి కోడ్‌లో ఊరికే 4.1 అని రాస్తే అది డబుల్, అంటే ఇంకా ఎక్కువ అంకెలు పట్టే రకం, ఇంకా చాలా దూరం పోయి ఆగుతాది. ఇంక రెండూ ఎట్లా కలుస్తాయి?

ఒకదాన్లోంచి ఇంకోదాన్ని తీసివేసి, ఫ్యాబ్స్ అనే ఫంక్షన్‌తో మైనస్ గుర్తు పోగొట్టి, తేడా ఇంతలోపు ఉందా అని అడుగు. ఆ 'ఇంత' ఎంత అనే దగ్గరే అందరూ జారేది. సి తోనే వచ్చే ఫ్లోట్ డాట్ హెచ్ ఫైల్లోని డీబీఎల్ ఎప్సిలాన్ అనే చిన్న సంఖ్యను తెచ్చి పెట్టేస్తారు. అది 1కీ, దాని పక్క డబుల్‌కూ మధ్య ఎడం మాత్రమే. 2 దాటినాక పక్కపక్క సంఖ్యల ఎడమే దానికన్నా ఎక్కువ, అంటే మళ్లీ == రాసినట్టే. 'ఇంత' అనేది నీ కొలిచే మిషన్ను అడగాల. మాది ఒక్క దశాంశమే చూపిస్తాది, 0.01 చాలు. లక్షల్లో తిరిగే లెక్కయితే, రెంటిలో పెద్దదానికి తగ్గట్టు దాన్నీ పెంచుకో.

ఫ్యాబ్స్ బదులు ఏబీఎస్ రాసేవు, జాగ్రత్త! సి లో అది ఇంట్, అంటే పూర్ణసంఖ్య, తీసుకుంటాది. 0.4 తేడా కూడా సున్నా అయిపోయి, 1 లోపు తేడా ఉన్నవన్నీ సమానమే అంటాది.

చివరికి నేను ఫ్లోటే వదిలేసినా. వెన్నను పదితో గుణించి, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించే ఎల్‌రౌండ్‌తో 41 చేసి, ఇంట్‌లో దాచినా. డబ్బులు పైసల్లో.

నీ ఫర్ లూప్ కూడా 1.0 కానంతవరకు తిరగమంటోంది. 0.1ని పదిసార్లు కూడితే డబుల్‌లో 0.9999999999999999 వస్తాది. పదకొండోసారి 1ని దాటేసి, ఇంక ఆగదు. దాన్ని ఇంట్‌తో తిప్పి, రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ చిన్నాయన