లైబ్రరీ పాస్‌వర్డ్ అద్దెకు ఇస్తారట!

ప్రశ్న: బెంగళూరులో ప్రైవేటు కాలేజీలో ఎంటెక్ చేస్తున్నాను, యలహంక దగ్గర పీజీలో ఉంటాను. ప్రాజెక్టుకు కావాల్సిన పరిశోధన పేపర్ ఏది తెరిచినా డాలర్లలో డబ్బు కట్టమంటోంది. టెలిగ్రామ్‌లో ఒకతను సెమిస్టరుకు 600 రూపాయలిస్తే ఒక విదేశీ యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్ ఇస్తానంటున్నాడు. మా రూమ్మేట్లు ఇప్పటికే తీసుకున్నారు. మనం ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నామో దాచే వీపీఎన్ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు కదా సార్?

జవాబు: ఇదే ప్రశ్న ఈ మధ్య నాకు నాలుగుసార్లు వచ్చింది. నలుగురూ వీపీఎన్ గురించే అడిగారు. ఆ లాగిన్ ఎవరిదని ఒక్కరూ అడగలేదు. అది ఎవరో ప్రొఫెసర్‌దో, విద్యార్థిదో. వాళ్లకు తెలియకుండా కొట్టేసింది.

2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిది మంది ఇరాన్ వాళ్లపై అభియోగాలు నమోదు చేసింది. అమెరికాలో 144, మరో 21 దేశాల్లో 176 యూనివర్సిటీల్లోకి చొరబడి 31.5 టెరాబైట్ల సమాచారం లాగేశారని ఆరోపణ. ప్రొఫెసర్ల లాగిన్లతో లైబ్రరీల్లోకి వెళ్లే సదుపాయాన్ని ఒక వెబ్‌సైట్ పెట్టి మరీ అమ్మారట. మీ టెలిగ్రామ్ పెద్దమనిషిది కూడా అదే వ్యాపారం, కాకపోతే చిల్లర దుకాణం.

ఈ దొంగతనంలో పనితనం చూడండి. 'మీ లైబ్రరీ ఖాతా గడువు ముగుస్తోంది' అని ఒక మెయిల్ వస్తుంది. లింకు నొక్కితే అచ్చం మన లైబ్రరీ పేజీ, అదే లోగో. పాస్‌వర్డ్ కొట్టగానే అసలు లైబ్రరీ సైటుకే పంపేస్తారు. ఒకసారి తప్పు కొట్టానేమో అనుకుని మళ్లీ లాగిన్ అయి, మన పని మనం చేసుకుపోతాం. పోయిందని కూడా తెలియదు.

నా కోపం దొంగల మీద కన్నా లైబ్రరీ లాగిన్లు తయారుచేసే వాళ్ల మీద ఎక్కువ. ఇంటి నుంచి జర్నల్ తెరవాలంటే చాలా చోట్ల ప్రాక్సీ, అంటే లైబ్రరీ పెట్టిన మధ్యవర్తి సర్వర్ గుండా వెళ్లాలి. ఆ ప్రాక్సీ జర్నల్ అడ్రసులోని చుక్కలన్నీ తీసేసి గీతలు పెట్టి, చివర కాలేజీ పేరు తగిలిస్తుంది. అంటే అసలు అడ్రసే దొంగ అడ్రసులా కనిపిస్తుంది! ఇక అడ్రసు చూసి నమ్మండని మేం రాసి ఏం లాభం? పైగా మధ్యలో రెండు మూడు పేజీలు మారతాయి, పావుగంట కదలకపోతే బయటికి నెట్టేసి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతాయి. రోజుకు పదిసార్లు కొట్టే చెయ్యి పదకొండోసారి ఎక్కడ కొడుతున్నానని చూసుకోదు. అందుకే పాస్‌వర్డులు దాచిపెట్టి, సరైన సైటులో తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడమంటాను. దొంగ పేజీలో అది తనంతట తాను పాస్‌వర్డ్ నింపదు. అది నింపలేదంటే మీరూ చేత్తో కొట్టకండి.

'పేపర్లే కదా సార్, పోతే ఏమవుతుంది' అని ఒకాయన రాశారు. ఆ ఒక్క పాస్‌వర్డే చాలా కాలేజీల్లో మెయిల్‌కూ, మార్కులకూ, ఫీజులకూ. ఒకే ఖాతాను వందమంది పంచుకుని పేపర్లు గుట్టలుగా దించితే, ప్రచురణకర్త ఆ యూనివర్సిటీ మొత్తానికి తలుపు మూసేస్తాడు. మీరు 600 ఇచ్చి కొన్నది అక్కడెవరి థీసిస్ మీదనో పడుతుంది. వీపీఎన్ మీరెక్కడున్నారో దాస్తుందేమో గానీ, ఆ ఖాతాను మీది చేయదు.

మీ కష్టం అబద్ధం కాదు. 2024 నవంబర్ 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ కలిపి ఒకేసారి జర్నళ్లు కొనే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. మంచి పనే. కానీ మొదటి విడత ప్రభుత్వ విద్యాసంస్థలకూ, కేంద్ర పరిశోధన సంస్థలకూ మాత్రమే. వీధికో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న బెంగళూరులో మీలాంటి వాళ్లు గేటు బయటే. పేద దేశాల వైద్య పరిశోధకుల కోసం 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగానో చౌకగానో జర్నళ్లు ఇచ్చే 'హినారి' మొదలుపెట్టినప్పుడు కూడా మనల్ని చేర్చుకోలేదు. అక్కడికి వెళ్తే మనం డబ్బున్నవాళ్లం, ఇక్కడ చూస్తే ఒక్కో పేపరుకు నెల మెస్ బిల్లులో సగం!

మరి ఏం చేయాలి? పేపర్ పేరు ముందు 'ఆర్కైవ్' (arXiv) అనే ఉచిత పేపర్ల సైటులో వెతకండి. 1991 నుంచి నడుస్తోంది, ఫిజిక్స్, లెక్కలు, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు సగం అవసరం అక్కడే తీరుతుంది. వైద్యం, జీవశాస్త్రమైతే పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత సైటు. 'అన్‌పేవాల్' అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చట్టబద్ధమైన ఉచిత కాపీ ఎక్కడుందో చూపిస్తుంది. దాని పేరుకు దగ్గరగా ఉండే ఊరూపేరూ లేని వాటిని మాత్రం పెట్టుకోకండి. అన్ని సైట్లలోనూ మీరు టైప్ చేసేది చదువుతామని అవి అడుగుతాయి, మీరు సరే అంటారు.

ఏదీ దొరక్కపోతే రచయితకే మెయిల్ పెట్టండి. 'మీ పేపర్ కావాలి, నా ప్రాజెక్టు ఇది' అని రెండు లైన్లు చాలు. తమ పేపర్ చదువుతామంటే వద్దనే వాళ్లు నాకింతవరకు తగల్లేదు. ఒకాయనైతే అడగని డేటా ఫైళ్లు కూడా పంపారు.

ఇక రూమ్మేట్ల సంగతి. ఆ టెలిగ్రామ్ మనిషి 'ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి' అని ఏదైనా ఫైలు పంపాడేమో అడగండి. పంపి ఉంటే ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని ఆపేయమనండి. పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్‌లోంచి మార్చుకోమనండి, ఈ రాత్రికే.