నాయన లోపలి మాట సీనుకు ఎలా తెలిసింది?

అక్కా, మీ కథ రెండుసార్లు చదివాను. అనంతపురం పల్లెలో తొమ్మిదేళ్ల సీను, ఎండిపోయిన బుడ్డల (వేరుశనగ) చేను, అవ్వ కమ్మలు కుదువ పెట్టిన నాయన. ‘వాడు పిల్లవాడిలా లేడు’ అంటున్నారు, ఎక్కడ దిద్దాలి అని అడిగారు.

కథంతా సీను వెంట నడిచి, మూడో పేరాలో ‘అప్పెలా తీర్చాలా అని నాయన లోలోపల కుమిలిపోయాడు’ అన్నారు. ఆ లోపల సీనుకు ఎలా కనబడింది? వాడు చూసేది బయటిదే: నాయన సంగటి ముద్ద చిదుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. అంతే రాయండి. ‘పప్పులో కారం ఎక్కువైందేమో’ అని వాడు అనుకుంటాడు. అసలు సంగతి చదివే పిల్లలు వాడికంటే ముందే పట్టేస్తారు. ‘నేను’ అని రాసినా, ‘సీను’ అని రాసినా లెక్క ఇదే.

జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే అని మీరు కథలో రాసింది నిజమే. కానీ అది సీను తలలో పుట్టే మాట కాదు, మీది.

ఇక కమ్మల సంగతి తెలిసి వాడు నాయనను ఓదార్చడం నాకు అస్సలు నచ్చలేదు. ఆ వయసులో ముందు వచ్చే టెన్షన్ వేరే: తిరునాళ్లకు పోతామా, లేదా? కోపంతో విత్తనానికి దాచిన బుడ్డలు గుప్పెడు జేబులో వేసుకోనివ్వండి. రాత్రి దుప్పట్లో ఒక్కటి ఒలుచుకుని తిని, మిగతావి తెల్లారేలోగా మూటలో పోసేస్తాడు. ‘పశ్చాత్తాపం’ అనే మాటే అక్కరలేదు.

అవ్వ మనసూ చెప్పాలనుంటే ఆమెకు వేరే అధ్యాయం ఇవ్వండి.