పనిచోట మెలగడం ఎలా నేర్పాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

చదువు ముగిసి ఇంటిపట్టున ఉంటున్న దివ్యాంగ యువతీయువకుల గురించి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈ సంచికలో సమాధానమిస్తున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా పెద్దబ్బాయికి 26 ఏళ్లు. మేధో వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వం ఇచ్చే సదరం ధ్రువపత్రం ఉంది. ప్రత్యేక పాఠశాలలో కొవ్వొత్తులు పోయడం, కాగితపు కవర్లు అంటించడం నేర్చుకున్నాడు కానీ, బడి మానినప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. ఎవరినడిగినా "ముందు నలుగురితో మాట్లాడడం రానివ్వండి, పని సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు. మా తర్వాత వీడిని ఎవరు చూస్తారని వాళ్ల నాన్న దిగులు పడుతున్నారు. ఈ వయసులో శిక్షణ ఇప్పిస్తే ఫలితం ఉంటుందా?
– ఒక తల్లి, హన్మకొండ

సమాధానం: తప్పకుండా ఉంటుందమ్మా. నేర్చుకునే శక్తి బడి మానడంతో ఆగిపోదు. అయితే మీకు అందరూ ఇస్తున్న సలహాను మాత్రం దయచేసి పక్కన పెట్టండి. మాటతీరు వచ్చాకే పని అన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, ఆ మాట నమ్మి పిల్లలను నలభై ఏళ్లు వచ్చేదాకా ఇంట్లో కూర్చోబెట్టిన కుటుంబాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. మేధో వైకల్యం ఉన్నవారిలో ఎక్కువమందికి ఒకచోట నేర్చుకున్నదాన్ని మరోచోట వాడుకోవడం కష్టమవుతుంది. శిక్షణ గదిలో చక్కగా నమస్కారం పెట్టే యువకుడు దుకాణంలో యజమాని ఎదురుపడినప్పుడు తలవంచుకొని వెళ్లిపోవచ్చు. కాబట్టి దుకాణంలో అవసరమయ్యే మాటను దుకాణంలోనే నేర్పాలి.

అమెరికాలో 1970లలో మార్క్ గోల్డ్ అనే విద్యావేత్త, ఏ పనీ నేర్చుకోలేరని అందరూ వదిలేసిన తీవ్ర మేధో వైకల్యం గలవారికి సైకిల్ బ్రేకు భాగాలను వరుసగా బిగించడం నేర్పి చూపించారు. పనిని చిన్న చిన్న అంచెలుగా విడదీసి నేర్పాలని, అప్పటికీ రాకపోతే నేర్చుకునేవారిని తప్పుపట్టకుండా నేర్పే పద్ధతిని మార్చాలని ఆయన వాదించారు. 1980లలో ఈ ఆలోచన మరో అడుగు ముందుకు వేసింది: ముందు నిజమైన ఉద్యోగంలో చేర్పించి, పక్కనే ఒక శిక్షకుడిని ఉంచి అక్కడే పని నేర్పించి, ఆ శిక్షకుడు క్రమక్రమంగా తప్పుకునే విధానం రూపుదిద్దుకుంది. ఆ శిక్షకుడినే ఇప్పుడు మన దగ్గర కూడా జాబ్ కోచ్ అంటున్నారు.

ఇక మీ అబ్బాయి విషయానికి వస్తే, కొవ్వొత్తుల పని వచ్చు కాబట్టి కొవ్వొత్తులే చేయాలని అనుకోవద్దు. మీ ఇంటికి బస్సులో అరగంట దూరంలో ఏయే పనులు దొరుకుతాయో చూడండి. సూపర్ మార్కెట్లలో సరుకు సర్దడం, బట్టల దుకాణాలలో విప్పిన చీరలు మడతపెట్టడం, మొక్కల నర్సరీలు, ప్రింటింగ్ ప్రెస్సులు, ఆసుపత్రులలో ఉతికిన దుప్పట్లు లెక్కపెట్టి పేర్చడం, కొత్తవాడలో దర్రీల మగ్గాల దగ్గర కండెలు చుట్టడం వంటివన్నీ పరిశీలించదగినవే. అదే సమయంలో కొన్నాళ్లు అబ్బాయిని గమనించి రాసుకోండి: ఎవరూ చెప్పకుండానే ఏ పనికి పూనుకుంటున్నాడు, ఎంతసేపు నిలబడగలుగుతున్నాడు, చప్పుడుకు చిరాకు పడుతున్నాడా, ఉదయం చురుకుగా ఉంటున్నాడా లేక మధ్యాహ్నమా. ఇంకా ముఖ్యమైనది, ఏ పని చేయాలని ఉందో అతన్నే అడగండి. మాటల్లో చెప్పలేకపోతే రెండు మూడు చోట్లకు తీసుకువెళ్లి చూపించండి. ఎక్కడ కాసేపు ఎక్కువగా నిలబడ్డాడో మీకే తెలుస్తుంది.

అరలో సరుకు సర్దే పనినే తీసుకుందాం. అట్టపెట్టె తేవడం, టేపు కోయడం, అరలో ఉన్న పాత ప్యాకెట్లను ముందుకు జరపడం, కొత్తవాటిని వెనుక పెట్టడం, పేర్లు కనిపించేలా తిప్పడం, ఖాళీ పెట్టెను మడిచి గోదాములో పెట్టడం – ఇవి ఆరు అంచెలు. మొదటి రోజుల్లో శిక్షకుడే ఐదు అంచెలు చేసి చివరిదాన్ని మాత్రమే అబ్బాయికి వదిలేస్తే, ప్రతిసారీ పని పూర్తిచేసిన సంతృప్తి అతనికి దక్కుతుంది. అది వచ్చాక చివరి రెండు, ఆ తర్వాత చివరి మూడు, ఇలా వెనుక నుంచి ముందుకు నేర్పుకుంటూ రావచ్చు. సహాయం కూడా అంతే. మొదట చేయి పట్టి చేయించినదాన్ని తర్వాత వేలితో చూపించి, ఆపైన ఒక్క మాటతో గుర్తుచేసి, చివరకు ఏమీ అనకుండా పక్కన నిలబడాలి. ఏ అంచె సహాయం లేకుండా చేశాడో ప్రతిరోజూ ఒక కాగితం మీద టిక్కు పెడితే, ఎక్కడ ఆగిపోతున్నాడో స్పష్టంగా కనిపిస్తుంది. ఆగిపోయిన అంచెను ఇంకా రెండు చిన్న అంచెలుగా విడదీయాలి.

చేతిపని ఇలా ఏదో ఒక విధంగా వచ్చేస్తుంది. ఉద్యోగం నిలబడేదీ పోయేదీ ఎక్కువగా మిగతా విషయాల దగ్గరేనని నా గట్టి అభిప్రాయం. సరుకు అయిపోయిందని ఎవరికి చెప్పాలి, మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఎలా అడగాలి, ఒంట్లో బాగాలేని రోజు ఫోను ఎవరికి చేయాలి, ఖాతాదారు తనకు తెలియనిది అడిగితే ఏమనాలి, యజమాని తప్పు దిద్దినప్పుడు దాన్ని కోపమనుకొని ఏడ్చేయకుండా ఎలా ఉండాలి అన్నవి ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. మిగతావాళ్లు చూసి పట్టుకుంటారు, మీ అబ్బాయికి మాత్రం విడిగా చెప్పాలి. అన్నిటికంటే కష్టమైనది భోజనాల వేళ. పనిలో ఉన్నంతసేపు చేతులకు దారి తెలుస్తుంది, విరామంలో ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఇతరుల డబ్బా అడగకుండా తీయకూడదని, ఒకే ప్రశ్నను పదిసార్లు వేయకూడదని, పరిచయమైనంత మాత్రాన భుజం మీద చేయి వేయకూడదని, సెల్‌ఫోన్‌లో పాట చిన్నగా పెట్టుకోవచ్చని ముందే సాధన చేయించాలి.

వీటిని ఉపన్యాసంగా చెబితే ఉపయోగం ఉండదు. ఒక్కొక్కటిగా, నటించి చూపించి నేర్పాలి. "ఒక్క నిమిషం సార్, అన్నను పిలుస్తాను" అన్న ఒక్క వాక్యాన్ని తీసుకోండి. మీరు ఖాతాదారుగా నటించి అడగండి, తండ్రిగారు అడగాలి, పక్కింటివారు అడగాలి. నలుగురు నాలుగు రకాలుగా అడిగినప్పుడూ అదే వాక్యం రావడం మొదలైతే, దుకాణంలోనూ వస్తుంది. మాట స్పష్టంగా లేనివారికి బొమ్మల కార్డులు, ఫోనులో తీసిన చిన్న వీడియోలు బాగా పనికొస్తాయి. వయసులో పెద్దవారిని 'సార్', 'అమ్మా' అని, తోటివారిని 'అన్నా', 'తమ్మీ' అని పిలవడం కూడా ఇలాగే మనిషి మనిషితో సాధన చేయిస్తే వస్తుంది.

ఒక విషయం కొంచెం కటువుగా చెప్పవలసి ఉంది, మన్నించండి. మన ఇళ్లలో 26 ఏళ్ల కొడుక్కి అన్నం కలిపి ముందు పెడతాము, చొక్కా గుండీలు మనమే పెడతాము, చుట్టాలు వచ్చి "నీ పేరేంటి బిడ్డా" అని అడిగితే అతను నోరు తెరిచేలోపే మనమే జవాబు చెబుతాము. అంతా ప్రేమే. కానీ శిక్షణ కేంద్రంలో రోజుకు ఐదారు గంటలు నేర్చుకున్నది ఇంట్లో సాయంత్రానికి తుడిచిపెట్టుకుపోతుంది. జవాబు కోసం అతనికి పది సెకన్లు సమయం ఇవ్వండి. పండుగకు పూలు కొనడానికి డబ్బులిచ్చి పంపండి, చిల్లర లెక్క తప్పినా ఫరవాలేదు. పెళ్లిళ్లలో మంచినీళ్లు అందించే పని అప్పగించండి. బస్సు ప్రయాణం కూడా ఈ శిక్షణలో భాగమే: మొదట పక్కసీటులో కూర్చొని, తర్వాత వెనుక సీటులో కూర్చొని, ఆ తర్వాత హన్మకొండ చౌరస్తాలో దిగేచోట ఎదురుచూస్తూ, చివరకు ఇంటి దగ్గరే ఉండి ఫోను కోసం ఎదురుచూస్తూ నేర్పించవచ్చు.

మీ నగరంలోనే మల్లికాంబ మనోవికాస కేంద్రం ఉంది కాబట్టి మొదట అక్కడ మాట్లాడండి. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం గలవారి కోసం 1984లో స్థాపించిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరుతో ఎన్ఐఈపీఐడీ, వారి సామర్థ్యాన్ని అంచనా వేసి తగిన వృత్తిని సూచిస్తుంది. హైదరాబాద్‌లో దివ్యాంగుల కోసం కేంద్ర కార్మిక శాఖ నడుపుతున్న నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ కూడా ఉంది. ఎక్కడికి వెళ్లినా "ఉద్యోగంలో చేర్చిన తర్వాత ఎన్ని నెలలు మీ మనిషి వచ్చి చూస్తారు?" అని తప్పక అడగండి. ధ్రువపత్రం చేతికిచ్చి పంపేసే శిక్షణకూ, ఉద్యోగంలో కుదురుకునే వరకు వెంట ఉండే శిక్షణకూ చాలా తేడా ఉంది.

తండ్రిగారి దిగులుకు కూడా చట్టంలో కొంత ఆధారం ఉంది. 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులు తమంతట తాము చట్టబద్ధ సంరక్షకులుగా కొనసాగరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి సంరక్షకుల నియామకాన్ని జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చూస్తుంది. అదే ట్రస్టు నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. అయితే అబ్బాయి స్వయంగా తీసుకోగలిగిన నిర్ణయాలను అతనికే వదిలి, నిజంగా సహాయం కావలసిన వ్యవహారాలకు మాత్రమే సంరక్షకత్వం కోరండి.

ప్రశ్న: మాది బట్టల దుకాణం. ఆటిజం ఉన్న యువకుడిని కంప్యూటరులో బిల్లులు, సరుకు లెక్కలు ఎక్కించడానికి పెట్టుకున్నాను. లెక్కలో తప్పు ఉండదు. కానీ ఎవరితోనూ మాట్లాడడు, దసరా రద్దీలో ఉన్నట్టుండి లేచి బయటకు వెళ్లిపోతున్నాడు. మిగతావాళ్లు పొగరనుకుంటున్నారు. అతన్ని తీసివేయడం నాకు ఇష్టం లేదు. ఏం చేయాలి?
– ఒక దుకాణ యజమాని, కరీంనగర్

సమాధానం: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఆటిజం ఉన్న చాలామందికి ఒకేసారి మీదపడే వెలుతురు, మైకు, జనం మాటలు భరించలేనంతగా తోస్తాయి. అతను బయటకు వెళ్లడం బహుశా తనను తాను సంబాళించుకోవడానికే. ఆ అలవాటును ఆపకుండా, దానికి ఒక పద్ధతి ఏర్పరచండి: బల్ల మీద ఒక ఎర్ర కార్డు పెట్టి వెళితే పది నిమిషాలలో తిరిగి వస్తాడని అందరికీ అర్థం కావాలి. కూర్చునే చోటును గల్లా దగ్గర నుంచి గోదాము వైపు మార్చండి. పని చెప్పేది ఒక్కరే కావాలి, వీలైతే రాసి ఇవ్వాలి. పండుగ వేళలు మారుతున్నాయంటే వారం ముందే చెప్పాలి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

మాటల విషయంలో నా సలహా వేరు. అతనితో బలవంతంగా కబుర్లు చెప్పించవద్దు. వచ్చినప్పుడు, వెళ్లేటప్పుడు పలకరింపు, సందేహం వస్తే అడగడం, తప్పు కనిపిస్తే చెప్పడం, ఈ మూడూ ఉంటే ఉద్యోగానికి సరిపోతుంది. అతని అనుమతి తీసుకొని, అతనికి ఇబ్బంది లేనంత వరకే, ఆటిజం అంటే ఏమిటో మిగతా సిబ్బందికి వివరించండి. శిక్షణ అతనికెంత అవసరమో వాళ్లకూ అంతే అవసరం. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ప్రతి సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టం చెబుతుంది, 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు అందులో తాము కల్పించే సదుపాయాలను కూడా రాయాలి. ఈ రద్దీ కాలానికి మీరు చేసుకునే ఏర్పాట్లనే కాగితం మీద పెడితే ఆ విధానానికి అదే మంచి ఆరంభమవుతుంది.

ప్రశ్న: మా చెల్లెలికి 23 ఏళ్లు, స్వల్ప మేధో వైకల్యం ఉంది. పట్టణంలో కుట్టు శిక్షణకు వెళతానని తనే పట్టుబడుతోంది. ఆడపిల్లను ఒంటరిగా పంపాలంటే అమ్మ భయపడుతోంది. పింఛను పోతుందని ఊళ్లో కొందరంటున్నారు.
– ఒక అన్న, మహబూబాబాద్ జిల్లా

సమాధానం: తనే పట్టుబడుతోందంటే సగం పని అయినట్టే. నెలకు 4,016 రూపాయల పింఛను మీద ఆధారపడిన ఇంట్లో ఆ భయం సహజం కనుక, ఊరివాళ్ల మాట మీద నిర్ణయం తీసుకోకుండా మండల పరిషత్ కార్యాలయంలో దరఖాస్తు రూపంలో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. జీతం మొదలైతే అది చెల్లెలి పేరిట ఉన్న ఖాతాలోనే పడాలి, అందులో కొంత తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకోవాలి.

అమ్మగారి భయం నిరాధారమైనది కాదు. అందుకు ఇంట్లో ఉంచడం విరుగుడు కాదు, ఆమెకు నేర్పవలసినవి నేర్పడమే మార్గం. శరీర భాగాల పేర్లు సిగ్గుపడకుండా తెలిసి ఉండాలి. ఎవరు ఎంతవరకు తాకవచ్చో, 'వద్దు' అని గట్టిగా ఎలా అనాలో, అన్న తర్వాత అక్కడి నుంచి ఎలా వచ్చేయాలో అమ్మగారే నటించి సాధన చేయించాలి. పెద్దవాళ్లు చెప్పినదానికల్లా తలూపే అలవాటు మన పిల్లలకు మనమే చేస్తాము కాబట్టి, ఇంట్లో కూడా ఆమె 'వద్దు' అన్నప్పుడు ఆ మాటను మన్నించాలి. ఎవరైనా "ఇంట్లో చెప్పకు" అంటే ఆ రోజే చెప్పవలసిన ఇద్దరు మనుషులెవరో ఆమెకు తెలియాలి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుంది. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్నచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

చేర్చే ముందు చెల్లెలిని, అమ్మగారిని వెంటబెట్టుకొని ఒక పూట ఆ కేంద్రంలో కూర్చొని రండి. బోధించేవారు మహిళలేనా, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, ఆ వేళకు మీ ఊరికి బస్సు ఉందా, మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉందా అన్నవి మీ కళ్లతో చూసి, మిగిలిన సందేహాలను చెల్లెలి చేతనే అక్కడివారిని అడిగించండి.