అమ్మకు బయాలజీ వచ్చు, అయినా అమ్మాయి ట్యూషన్ కావాలంటోంది

ప్రశ్న: మా అమ్మాయి హైస్కూల్లో చదువుతోంది. మిగతా సబ్జెక్టులు బాగానే ఉన్నాయి, బయాలజీలోనే మార్కులు పడిపోయాయి. నేను డిగ్రీలో బోటనీ చదివాను కాబట్టి రోజూ రాత్రి నేనే కూర్చోబెట్టి చెబుతున్నాను. రెండు నెలలుగా ఏడుపు లేకుండా పుస్తకం మూసిన రోజు లేదు. మొన్న "నీ దగ్గర చదవను, నాకు ట్యూషన్ పెట్టించు" అనేసింది. మావారేమో "నువ్వుండగా ట్యూషన్ ఎందుకు" అంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: ముందు ఆ మాట గురించే మాట్లాడుకుందాం. పనులన్నీ అయ్యాక ఓపిక తెచ్చుకుని కూర్చుంటే, పిల్ల "నీ దగ్గర చదవను" అంటే ఏ తల్లికైనా గుచ్చుకుంటుంది. కానీ నాకు అందులో ఇంకోటి వినిపించింది. చదవనని అనలేదు మీ అమ్మాయి, మీ దగ్గర చదవనంది, పైగా సాయం కావాలని నోరు తెరిచి అడిగింది. ఈ వయసులో చాలామంది పిల్లలు మార్కుల కాగితం దాచేసి ఊరుకుంటారు. తను అడిగింది, దాన్ని పట్టుకోండి.

ఇక ట్యూషన్ సంగతి. మార్కులు చూసి ఇది తేల్చకండి, ఎక్కడ ఆగిపోతోందో చూసి తేల్చండి. దానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను, అయితే అది మీరు పెట్టొద్దు, మీవారిని పెట్టమనండి. ఆయనకు బయాలజీ అంతగా గుర్తులేకపోతే మరీ మంచిది. ఒక తెల్లకాగితం ఇచ్చి, గుండె బొమ్మ వేసి నాకు చెప్పమ్మా అని అడగాలి. బొమ్మ అందంగా రాకపోయినా ఫర్వాలేదు, నాలుగు గదులుంటే చాలు. కాలి నుంచి బయల్దేరిన రక్తపు చుక్క మళ్లీ కాలికి ఎలా చేరుతుందో వేలు పెట్టి చూపించమనాలి. కుడి కర్ణిక (పై గది), కుడి జఠరిక (కింది గది), అక్కణ్ణుంచి ఊపిరితిత్తులు, తిరిగి ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, ఆ తర్వాత ఒళ్లంతా. మధ్యలో ఆయన ఒకటే ప్రశ్న వేయాలి: ఊపిరితిత్తులకు వెళ్లే గొట్టంలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఉంటుంది కదా, మరి దాన్ని ధమని అని ఎందుకన్నారు? "ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం" అని బట్టీ పట్టిన పిల్లలు అక్కడే ఆగిపోతారు. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేది ధమని అని అర్థమైన పిల్ల ఆగదు.

తను గడగడా చెప్పేస్తే సమస్య సబ్జెక్టులో లేదు, జవాబు రాయడంలో ఉంది. పాత జవాబు పత్రాలు తీసి చూడండి. "ఎందుకు" అని అడిగిన చోట నిర్వచనం రాసి వచ్చిందా, బొమ్మ వేసి భాగాల పేర్లు పెట్టడం మరిచిందా, కణ విభజనలో రెండు రకాలైన మైటాసిస్‌కీ మియోసిస్‌కీ తేడాలు అడిగితే రెండింటి గురించీ విడివిడిగా కథ రాసిందా. దీనికి ట్యూషన్ అక్కర్లేదు, స్కూల్లో బయాలజీ టీచర్‌తో పావుగంట కూర్చుంటే చాలావరకు తేలిపోతుంది.

పేర్లు గుర్తున్నాయి కానీ ఒకదానికొకటి అతకడం లేదంటే, చదివే పద్ధతి మార్చాలి. రాత్రి అప్పచెప్పినదంతా వారం తిరిగేసరికి ఏమైపోతోందని మీకు అనిపించే ఉంటుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లే ఎక్కువ నిలుపుకున్నారు. అందుకే పేజీ చదివి, మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయడం అలవాటు చేయండి. రంగు పెన్నుతో గీతలు కొట్టడం తగ్గినా నష్టం లేదు.

మూడోది, కింద పునాదిలోనే ఖాళీ ఉండటం. మన కణంలో 46 క్రోమోజోములుంటే అండంలోనో శుక్రకణంలోనో 23 ఎందుకుంటాయో తెలియని పిల్లకు, వంశపారంపర్యం మీద ప్రయోగాలు చేసిన మెండెల్‌కు బఠానీ మొక్కల్లో పొడవువీ పొట్టివీ 3:1 నిష్పత్తిలో ఎలా వచ్చాయో ఎన్నిసార్లు చెప్పినా గాలిలో లెక్కలాగే ఉంటుంది. అలాంటప్పుడు వెనక్కి వెళ్లి, విసుక్కోకుండా మొదటి నుంచి చెప్పే మనిషి కావాలి. ట్యూషన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదని మీవారి ప్రశ్న. మీ మీద గౌరవంతోనే అని ఉంటారు, కానీ సబ్జెక్టు రావడం వేరు, కన్నబిడ్డకు చెప్పడం వేరు. మా అబ్బాయికి నేనే చెప్పేదాన్ని. మొక్కలు రాత్రిపూటే శ్వాసిస్తాయి కదా అని మూడోసారి అడిగాడు. పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటాయని ఎన్నిసార్లు చెప్పాలిరా అన్నాను. గట్టిగా కూడా అనలేదు. వాడు ఆ రోజు నుంచి నన్ను అడగడం మానేశాడు, ఆ విషయం నాకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. టీచర్ విసుక్కుంటే పిల్లలు ఇంటికొచ్చి మనకు చెప్పుకుంటారు. మనమే విసుక్కుంటే ఎవరికి చెప్పుకుంటారు?

అందుకని సూటిగా చెబుతున్నాను, మీ ఇంట్లో పరిస్థితికి ట్యూషన్ పెట్టించండి. ఏడాదికి కాదు, రెండు నెలలకు. వారానికి రెండు రోజులు, తను ఆగిపోయిన రెండు మూడు పాఠాలకే. మొదటి క్లాసు మీరు పక్క గదిలో ఉండి వినండి, చెప్పేవాళ్ల గొంతే గంటంతా వినిపిస్తే వాళ్లు వద్దు. మీ అమ్మాయి గొంతు ఎక్కువ వినిపించాలి. జవాబు పత్రాలు తెమ్మని అడిగేవాళ్లు దొరికితే వదులుకోకండి, నోట్సు చెప్పి రాయించేవాళ్లతో మళ్లీ బట్టీయే. హోంవర్కు వాళ్ల చేత చేయించుకోకూడదని తనతో ముందే మాట అనుకోండి. ఆరు వారాలయ్యాక ఇంకో పాఠం మీద అదే తెల్లకాగితం పరీక్ష పెట్టించండి. తను ఆగకుండా చెప్పగలిగితే మానిపించేయొచ్చు. ట్యూషన్‌కు ఇప్పుడు డబ్బు వీలుపడకపోతే, బాగా చదివే క్లాస్‌మేట్‌తో వారానికి రెండుసార్లు కలిసి చదవనివ్వండి, అదీ పనిచేస్తుంది.

ఒక్కటి మాత్రం ట్యూషన్ కంటే ముందు అడగండి, చదువు టైములో కాదు, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు. బయాలజీ అంటే ఎప్పటి నుంచి భయమేస్తోందని. క్లాసులో ఎవరైనా నలుగురి ముందు ఏదైనా అన్నారేమో, అదే నిజమైతే వెళ్లి మాట్లాడాల్సింది స్కూల్లో. నిద్ర, తిండి తగ్గి, అన్ని సబ్జెక్టులకూ ఏడుపొస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చూపించండి.

ఇక ఆ రాత్రి గంట. ట్యూషన్ పెట్టారని దాన్ని పూర్తిగా వదిలేయకండి, పుస్తకం మాత్రం తీయకండి. తెల్ల పువ్వొకటి కాడతో సహా తెచ్చి, రంగు కలిపిన నీళ్లలో నిలబెట్టి పడుకోండి. మర్నాడు రేకుల్లో సన్నగా రంగు గీతలు కనిపిస్తాయి, ఇద్దరూ కలిసి చూడండి. కాడలో నీళ్లను పైకి తీసుకెళ్లే గొట్టాల పేరు, జైలమ్ అన్న మాట, తనంతట తను అంటే అననివ్వండి, మీరు మాత్రం అడగకండి.