ఎముకల్లోని మినరల్, సీసాలోని మినరల్ ఒకటేనా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. కొన్నాళ్లుగా నడుం నొప్పి అంటోంది. డెక్సా స్కాన్ చేయిస్తే ‘బోన్ మినరల్ డెన్సిటీ తక్కువగా ఉంది, టి-స్కోర్ మైనస్ 2.7’ అని వచ్చింది. ఒంట్లో మినరల్స్ తగ్గాయని అప్పటి నుంచి మినరల్ వాటరే తాగిస్తున్నాం. పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటు ఒక మల్టీమినరల్ మాత్ర వేస్తున్నాం. మలబద్ధకం కూడా ఉందని రాత్రి పడుకునే ముందు రెండు చెంచాల మినరల్ ఆయిల్ ఇస్తున్నాం. అన్నిటిలోనూ మినరలే ఉంది కదా, ఇంకా వేరే మందులు అవసరమా? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు రెండు పనులు ఈ రోజే చేయండి. రాత్రి ఇస్తున్న ఆ ఆయిల్ ఆపేయండి. థైరాయిడ్ మాత్రకూ మల్టీమినరల్ మాత్రకూ మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండేలా చూడండి. ఎందుకో కింద చెబుతాను. ఇక మీరు అడిగినదానికి జవాబు: అవును, అమ్మగారికి వేరే వైద్యం అవసరమే.

మీరు ఇలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మినరల్ అనే ఒక్క మాటను ఒక్కొక్కరం ఒక్కో అర్థంలో వాడుతున్నాం. రిపోర్టు రాసిన డాక్టరు, నీళ్ల సీసా మీద లేబుల్ వేసినవారు, ఆయిల్ తయారుచేసినవారు ముగ్గురూ చెబుతున్నది మూడు వేర్వేరు వస్తువుల గురించి.

తెలుగులో మనం ఖనిజం అంటాం. పంకంలో పుట్టింది పంకజం అయినట్టే, ఖనిలో అంటే గనిలో పుట్టింది ఖనిజం. ఇంగ్లిష్ మాటకూ లాటిన్‌లో గని, ముడి లోహం అనే అర్థాలే మూలం. భూగర్భ శాస్త్రంలో దీనికి కచ్చితమైన నిర్వచనం ఉంది: ప్రకృతిలో దానంతట అదే ఏర్పడాలి, ఘనరూపంలో ఉండాలి, నిర్దిష్టమైన రసాయన కూర్పు ఉండాలి, లోపల పరమాణువులు ఒక క్రమంలో పేర్చినట్టు ఉండాలి. ఆ లెక్కన ప్రకృతిలో గడ్డకట్టిన మంచు ఖనిజమే, అది కరిగితే వచ్చే నీరు మాత్రం కాదు!

వైద్యంలో, పోషకాహారంలో ఈ మాటకు అర్థం మారిపోతుంది. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ కాకుండా శరీరానికి కావలసిన మిగతా మూలకాలను మేం మినరల్స్ అంటాం. క్యాల్షియం, ఫాస్ఫరస్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం వంటివి ఎక్కువ మోతాదులో కావాలి. ఐరన్, జింక్, అయోడిన్, సెలీనియం వంటివి చాలా కొద్దిగా చాలు. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో వెయ్యో వంతు కూడా కాదు. స్కూలు పుస్తకాల్లో ‘ఖనిజ లవణాలు’ అని చదువుకున్నది వీటి గురించే. విటమిన్ డి ఎండ తగిలితే చర్మంలో తయారవుతుంది గానీ, క్యాల్షియాన్ని శరీరం రవ్వంత కూడా తయారుచేసుకోలేదు. మట్టిలోంచి మొక్కలు తీసుకుంటాయి, మొక్కల నుంచి, వాటిని తినే జంతువుల నుంచి మనకు వస్తుంది. ఉడికిస్తే కొన్ని విటమిన్లు పాడవుతాయి. మినరల్స్ పాడవవు, కాకపోతే ఉడికించిన నీటిలోకి కొంత దిగిపోతాయి కాబట్టి ఆ నీటిని పారబోయకండి.

ఈ రెండు అర్థాలూ ఒకచోట కలుస్తాయి. అది మన ఎముకే. ఎముకకు గట్టిదనం ఇచ్చేది క్యాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అనే పదార్థం. అపటైట్ కుటుంబానికి చెందిన ఖనిజాలు రాళ్లలోనూ దొరుకుతాయి. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు కిలో క్యాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే. డెక్సా స్కాన్ కొలిచేది ఎముకలో ఒక్కో చదరపు సెంటీమీటరుకు ఈ ఖనిజం ఎంత ఉందన్నదే. ఒంట్లో మొత్తం మినరల్స్ ఎన్ని ఉన్నాయో అది చెప్పదు.

ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటు ఎముక సాంద్రతతో పోల్చి టి-స్కోర్ ఇస్తారు. మైనస్ 1, అంతకు పైన ఉంటే మామూలే. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముకలు కొంత పలచబడ్డాయని అర్థం. మైనస్ 2.5, అంతకంటే కిందికి వెళ్తే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. అమ్మగారు ఈ మూడో వర్గంలో ఉన్నారు. ఇలాంటివారికి రక్తంలో క్యాల్షియం చూస్తే సాధారణంగా మామూలుగానే ఉంటుంది. గుండె, కండరాలు, నరాలు పనిచేయడానికి అది స్థిరంగా ఉండి తీరాలి కాబట్టి, తక్కువ పడితే శరీరం ఎముకల నుంచే తీసి వాడుకుంటుంది. ఎముక రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా తయారవుతూ ఉంటుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో కరగడం ఎక్కువై, తయారవడం వెనకబడుతుంది. గోడ కట్టే మేస్త్రీల కంటే కూల్చేవాళ్లు ఎక్కువైనప్పుడు వాకిట్లో సిమెంటు బస్తాలు దింపినంత మాత్రాన గోడ నిలవదు కదా! క్యాల్షియం కావాలి, కానీ ఆ కూల్చడాన్ని ఆపే మందు కూడా కావాలి.

ఇక మీరు ఇస్తున్నవి ఒక్కొక్కటీ చూద్దాం. అసలైన మినరల్ వాటర్ అంటే భూగర్భంలోని ఊట నుంచి సహజ లవణాలతో సహా వచ్చిన నీరు. మనం మాత్రం సీసాలో వచ్చే ప్రతి నీటినీ, ఇంట్లో ఫిల్టర్ నుంచి వచ్చే నీటినీ అదే పేరుతో పిలుస్తున్నాం. ఆర్‌ఓ ఫిల్టర్ నీటిలోని లవణాల్లో ఎక్కువ భాగం తీసేస్తుంది. అంటే పేరు మినరల్ వాటర్, ఉన్న మినరల్స్ కుళాయి నీటి కంటే తక్కువ. నిజమైన మినరల్ వాటర్‌లో కూడా క్యాల్షియం ఎంత ఉంటుందన్నది ఊటను బట్టి ఉంటుంది. లీటరుకు 50 మిల్లీగ్రాములు ఉందనుకుంటే రెండు లీటర్లు తాగినా 100 మిల్లీగ్రాములే అందుతుంది. ఈ వయసులో ఆహారంతో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. నీరు శుభ్రంగా ఉంటే చాలు, దాని నుంచి ఎముకలకు బలం వస్తుందని ఆశ పెట్టుకోకండి.

మల్టీమినరల్ మాత్ర సంగతీ దాదాపు అంతే. 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలంటే రెండున్నర గ్రాముల క్యాల్షియం కార్బొనేట్ కావాలి. పదిరకాల మినరల్స్‌తో కలిపి ఒక్క మాత్రలో అంత పట్టదు. పైగా అందులోని క్యాల్షియం, ఐరన్ పేగుల్లో థైరాయిడ్ మందును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. మీరు రెండూ కలిపి ఇస్తున్నారు కాబట్టి థైరాయిడ్ మందు సరిగ్గా పనిచేయకపోవచ్చు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే వచ్చే ఇబ్బందుల్లో మలబద్ధకం ఒకటి. ఆ మలబద్ధకానికే మీరు ఆయిల్ ఇస్తున్నారు.

ఆ ఆయిల్ గురించే నాకు ఎక్కువ ఆందోళన. మినరల్ ఆయిల్‌లో పోషకాహార అర్థంలో మినరల్ ఏదీ లేదు. భూమిలోంచి తీసిన ముడి చమురును శుద్ధి చేస్తే వచ్చే నూనె అది. లిక్విడ్ పారఫిన్ అన్నా అదే. గింజల నుంచి వచ్చే నూనె కాదని చెప్పడానికే ఆ పేరు. మందుగా వాడే రకాన్ని మలబద్ధకానికి కొద్దిరోజులు ఇవ్వడం ఉన్నదే. కానీ ఎక్కువకాలం వాడితే ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టకుండా పోవచ్చు. విటమిన్ డి లేకపోతే తిన్న క్యాల్షియం పేగుల నుంచి సరిగా ఎక్కదు. రెండో ప్రమాదం ఇంకా పెద్దది. పడుకునే ముందు తాగితే, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, అది దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. ఇప్పటికే ఆయాసం, తగ్గని దగ్గు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించి ఈ ఆయిల్ వాడిన సంగతి తప్పకుండా చెప్పండి.

ఇదే పేరుతో మరికొన్ని ఇళ్లలో కనిపిస్తాయి. మినరల్ సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. అవి చర్మం పైన ఉండి ఎండ నుంచి కాపాడతాయి, ఒంట్లో జింక్ లోటును తీర్చవు. రంగులు పలచన చేసే మినరల్ టర్పెంటైన్ మింగితే విషమే. పిల్లలు తాగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అమ్మగారికి రక్తంలో క్యాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించండి. మలబద్ధకం, పలచబడిన ఎముకలు రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి క్యాల్షియం పరీక్షను నేను మరీ గట్టిగా అడుగుతున్నాను. రక్తంలో క్యాల్షియాన్ని అదుపుచేసే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే రక్తంలో క్యాల్షియం పెరిగి ఈ రెండూ కనిపిస్తాయి. అలాంటప్పుడు మనమే ఇంకా క్యాల్షియం పోస్తే ముప్పు. నడుం నొప్పి ఉంది కాబట్టి వెన్ను ఎక్స్‌రే కూడా కావాలి. గుల్లబారిన వెన్నుపూస పడిపోకుండానే, దెబ్బ తగలకుండానే నలిగిపోవచ్చు. మునుపటి కంటే ఎత్తు తగ్గారా అని కొలిచి చూడండి.

కిడ్నీలో రాళ్లు ఎప్పుడైనా వచ్చి ఉంటే క్యాల్షియం మాత్రలు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి. ఆహారం నుంచి ఎంత అందుతోందో లెక్కచూసి తగ్గిన మేరకే మాత్ర ఇస్తాం. లేబుల్ మీద ‘క్యాల్షియం కార్బొనేట్ 1250’ అని ఉంటే అందులో అసలు క్యాల్షియం 500 మిల్లీగ్రాములేనని గుర్తుంచుకోండి. కార్బొనేట్ రకంతో మలబద్ధకం పెరిగితే సిట్రేట్ రకానికి మార్చవచ్చు.

పరీక్షలన్నీ చూశాక ఎముక కరగడాన్ని తగ్గించే మందు రాస్తారు. చాలామందికి ముందుగా ఇచ్చేది వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర. మింగడంలో ఇబ్బంది, అన్నవాహిక జబ్బు, కిడ్నీ సమస్య ఉంటే వేరేవి ఉన్నాయి. ఈ మాత్రను పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా, ఇంకేమీ తినకుండా ఉండాలి. ఆ నీళ్లు మామూలు మంచినీళ్లే కావాలి. సహజ మినరల్ వాటర్‌లోని క్యాల్షియం ఈ మందును ఒంటికి పట్టనివ్వదు. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే కాబట్టి, అలెండ్రోనేట్ వేసుకునే రోజున రెండిటిలో ఏది ముందో డాక్టరు దగ్గర రాయించుకుని రండి.